చెంప మీది చార

నమోదు 1. జూన్ 2

నీళ్ల మధ్య జనం ఉండే పన్నెండు కట్టల్లో, ఈ మూడో కట్ట మీద నీటికాసులనే కంటి జబ్బు ఉన్నవాళ్లు 412 మంది. వాళ్లు రోజూ ఏం చేస్తారో ముప్పై రోజులు రాయడం నా పని. రాయించేది నేత్రావగాహన శాఖ. మిగతా పదకొండు కట్టల్లో అవగాహన సగటు ఎక్కడా నూటికి ఎనభై దాటలేదు. ఇక్కడ తొంభై ఆరు. ఎలా సాధించారో రాసిపెడితే మిగతా కట్టలకు పంపుతారట.

నా పేరు గెద్దాడ ప్రకాశరావు. ముప్పై ఒక్క ఏళ్లు విలేకరిని. వయసు యాభై ఎనిమిది. అయిదేళ్లుగా నాకూ ఇదే జబ్బు. శాఖవారి పరీక్షలో నాకు నలభైకి నలభై వచ్చాయి. ఈ పని నాకివ్వడానికి ఇంతకంటే కారణం లేదు.

పొద్దున ఆరున్నరకు సైరన్ మోగింది. ఎదుర్లంక అనే ఇళ్ల వరసలో ప్రతి గుమ్మం ముందుకూ మనుషులొచ్చి, తలలు వెనక్కి వాల్చి, కంట్లో మందు చుక్క వేసుకున్నారు. కళ్లలోంచి మందు చెంపల మీదికి కారింది. ఎవరూ తుడుచుకోలేదు. తుడుచుకోవడం ఇక్కడ మర్యాద కాదు. ఈ మందుకు చర్మాన్ని నల్లబరిచే గుణం ఉంది. ఏళ్ల తరబడి కారితే కంటి కింది నుంచి దవడ దాకా కాటుక గీసినట్టు ఒక చార పడుతుంది. చార ఉన్నవాళ్లకు జనాన్ని రేవు దాటించే పంటులో ముందు వరస. మంచినీళ్ల పడవ వచ్చినప్పుడు ముందు బిందె వాళ్లదే.

అందరికంటే నల్లటి చార వాసంశెట్టి కమలాకర్‌ది. వయసు నలభై ఆరు. సరుకుల గిడ్డంగిలో గుమాస్తా. శాఖ తరఫున 'అవగాహన మిత్ర' కూడా. ప్రచార పత్రాల మీద ఉన్న చెంప ఇతనిదే. ఆ విషయం పరిచయమైన మొదటి నిమిషంలోనే చెప్పాడు.

"మీదీ బాగానే పడిందండి ప్రకాశరావుగారూ. నాలుగేళ్లకు ఇంత చార అంటే గట్టి మనిషే," అన్నాడు.

సంతోషించాను. రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నమోదు 2. జూన్ 5

ఈ రోజు అవగాహన పరీక్ష. నలభై ప్రశ్నలు, ఎక్కువవాటికి నాలుగు జవాబులు, కొన్నిటికి అవునూ కాదూ, తెర మీద ఒకటి నొక్కాలి. ఇరవై నాలుగు వస్తే గట్టెక్కినట్టు.

పరీక్షకు గంట ముందు కొట్టు వెనక ఆడవాళ్లు పదిహేను మంది నాచు కోసేటప్పుడు పాడుకునే వరసలో పాడుతున్నారు. "పది డి, పదకొండు సి, పన్నెండు ఎ, ఓలాల..." నలభై జవాబులూ పాటలో ఉన్నాయి. ప్రశ్న ఒక్కటీ లేదు. ఒకామెను ఆపి, పన్నెండో ప్రశ్న ఏమిటని అడిగాను.

"ఎ అండి," అంది.

"జవాబు కాదు, ప్రశ్న."

"ప్రశ్నతో మనకేం పనండీ?" అంది నన్ను జాలిగా చూసి.

పరీక్షలో 411 మంది గట్టెక్కారు. గట్టెక్కనిది పెమ్మాడి నూకరత్నం ఒక్కతే. అరవై ఒక్కేళ్లు. మూడో కట్టకూ అయిదో కట్టకూ మధ్య ఇరవై రెండేళ్లుగా పంటు నడుపుతోంది. అయిదో తరగతి దాకా చదివింది. ఇది ఆమెకు ఏడోసారి. నలభైకి తొమ్మిది వచ్చాయి. ఆమె చెంపల మీద చార లేదు.

అవగాహనాధికారి చక్రధర్ ఒకటో కట్టలో కూర్చుని తెర మీద మాట్లాడతాడు. ముప్పై అయిదేళ్లుంటాయి.

"చూడమ్మా, మొదటి ప్రశ్న. నీటికాసులు అనగా దృష్టినాడీ తంతువుల ప్రగతిశీల అపక్షయము. ఆ జవాబు నొక్కడానికి ఏం కష్టం?"

"అదేంటో బోధపడలేదండి."

"నీకు జబ్బేమిటో నీకే తెలియదా?"

"నా జబ్బు తెలుసండి. కంట్లో బరువెక్కుద్ది. నొప్పుండదు. పక్కల్నించి మెల్లగా చూపు తినేస్తది. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని మందేసి కాపాడుకోవాలి. మీరు అడిగేదే తెలియట్లేదండి."

వెనక ఎవరో నవ్వారు. చక్రధర్ ఆమె పేరు పక్కన 'ఉదాసీన రోగి' అని నమోదు చేశాడు. చార లేకపోవడం అందుకు రుజువు అన్నాడు. నాకూ అదే సబబుగా తోచింది.

నమోదు 3. జూన్ 8

నూకరత్నం పంటులో అయిదో కట్టకు వెళ్లి వచ్చాను. నలభై మంది ప్రయాణికులు, రెండు మేకలు.

చుక్కాని దగ్గర నిలబడి ఆమె తల అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. ఈ కట్ట మీద అలా మెడ తిప్పేవాళ్లు ఇంకెవరూ లేరు.

"మెడ పట్టేసిందా నూకరత్నమ్మా?"

"ఆయ్, లేదండి. చూస్తన్నానండి. పక్కన కనపడదు గదా, తిప్పితేనే కనపడద్ది."

"బిళ్ల ఉంటే తిప్పక్కర్లేదు కదా?"

ఇంజను పెట్టె మీదున్న చిన్న సీసా చూపించింది. అందులో నీళ్లలో రెండు బిళ్లలు మునిగి ఉన్నాయి.

ఈ బిళ్లలు వచ్చి నాలుగేళ్లయింది. కాగితాల్లో పేరు పూరక కటకం. కనుగుడ్డు ముందు భాగాన్నంతా గట్టిగా కప్పుతుంది. జబ్బు వల్ల చూపులో ఎక్కడ ఖాళీ పడితే అక్కడ, చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి బొమ్మ అల్లి నింపేస్తుంది. గోడ పక్కన ఖాళీ ఉంటే గోడ, నీళ్ల పక్కన ఉంటే నీళ్లు. పెట్టుకున్నవాడికి తన చూపులో ఖాళీ ఉందనే తెలియదు.

"పంటు నడిపేటప్పుడు తీసేస్తావా?" అన్నాను.

"తెల్లారగానే తీసేస్తానండి. నీళ్ల మీద అది అబద్ధాలాడుద్ది. పోయినేడు నాచు దోనె ఒకటి ఎదురొస్తే నాకు ఉత్త నీళ్లు చూపించిందండి. జనం అరిచారు గాబట్టి సరిపోయింది. ఇంటికెళ్లాక సీరియల్ చూడ్డానికి పెట్టుకుంటాను. సీరియల్లో అబద్ధాలున్నా పర్లేదు గదండి."

"రోజూ తీసిపెట్టకూడదు. అవగాహన పుస్తకంలో పన్నెండో అంశం."

"మీకు చదువు బాగా వచ్చండి."

అవతలి ఒడ్డున ఆగాక మందు వేసుకుంది. వేసుకోగానే ముఖం ముడుచుకుని కళ్లు మూసుకుంది. ముక్కు పక్కన వేళ్లు అదిమిపెట్టి రెండు నిమిషాలు కూర్చుంది. కంటి అంచున మిగిలిన తడి చెంగుతో ఒత్తేసింది.

"ఏమైంది?"

"మంటండి."

"ఇన్నేళ్లకూ అలవాటు కాలేదా? నాకు నాలుగేళ్లుగా మంటే తెలియదు."

"అదృష్టవంతులండి," అంది కళ్లు తెరవకుండానే.

సాయంత్రం నమోదులో ఈ వాక్యం రాసి పంపాను: "పంటు నడిపే పి. నూకరత్నం పూరక కటకం లేకుండా, అసంపూర్ణ దృష్టితో, పూటకు నలభై మంది ప్రాణాలను చేతిలో పెట్టుకుని తిరుగుతున్నది." ఆ వాక్యం నాదే. కొట్టేయడం లేదు.

నమోదు 4. జూన్ 12

నూకరత్నం ఒక కాగితం పట్టుకుని నా గదికొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"ఇందులో మీ పేరుందండి. ఏం రాసుందో మీరే చెప్పండి."

రెండు పేజీల నోటీసు. దినచర్య లేఖకుని నమోదు వల్ల తమ దృష్టికి వచ్చినందున, అని మొదలవుతుంది. సారాంశం మూడు ముక్కల్లో చెప్పాను. ఇరవై ఎనిమిదో తేదీ పరీక్ష ఆఖరు అవకాశం. తప్పితే పంటు లైసెన్సు రద్దు. ఆమె వాటా మందు సీసాలు బాధ్యత గల రోగులకు మళ్లిస్తారు.

"మూడు ముక్కలకి ఇంత కాగితమా?" అంది. మడిచి జాకెట్లో పెట్టుకుంది. "మందు ఆపేస్తే నా చూపు ఎన్నాళ్లుంటదండి?"

తెలియదన్నాను.

"రాసేటప్పుడు అది కనుక్కుని రాయాల్సిందండి," అంది.

వెళ్లిపోయాక నా మొదటి ఉద్యోగంలో పైవాడు చెప్పిన మాట గుర్తొచ్చింది. అతనూ దాదాపు ఇదే అనేవాడు, ఇంకాస్త మోటుగా.

నమోదు 5. జూన్ 17

ఈ కట్ట మీద కళ్ల పరీక్ష ఎలా చేస్తారో కనుక్కున్నాను.

ఏటా ఒకసారి చూపు వైశాల్యం కొలుస్తారు. బిళ్లలు పెట్టుకునే కొలుస్తారు. బిళ్లలు తీసి కొలవాలంటే ఒకటో కట్ట నుంచి అనుమతి రావాలి, దానికి పద్నాలుగు రోజులు. కాబట్టి ఎవరూ అడగరు. బిళ్ల ఖాళీలు నింపేస్తుంది కాబట్టి అందరి చూపూ నిండుగా ఉన్నట్టు తేలుతుంది. చూపు నిండుగా ఉన్నవారికి కంటి పీడనం చూడనక్కర్లేదని నాలుగేళ్ల కిందట ఒక ఉత్తర్వు వచ్చింది. అంటే 412 మంది నీటికాసుల రోగుల్లో నాలుగేళ్లుగా ఎవరికీ కంటి పీడనం చూడలేదు. ఆ జబ్బులో అన్నిటికంటే ముందు చూడవలసింది అదే.

చక్రధర్‌ను అడిగాను. "ఫలితాలు వంద శాతం ఉన్నప్పుడు అనుమానం ఎందుకండీ?" అన్నాడు. నిజంగానే అడిగాడు. వెటకారం లేదు.

నమోదు 6. జూన్ 22

పొద్దున పదకొండు గంటలకు, మంచి ఎండలో, కమలాకర్ రేవు వంతెన మీంచి నీళ్లలో పడ్డాడు.

వంతెన చెక్కలు మూడు మరమ్మతుకు తీశారు. అడ్డంగా తాడు కట్టారు కానీ అది ఒక పక్కకు జారిపోయింది. అతను చంకలో ప్రచార పత్రాల చుట్టతో నడుస్తూ వెళ్లి ఆ సందులో కాలు పెట్టాడు. బిళ్ల అతనికి మూడు చెక్కలు అల్లి చూపించింది. భుజం ఎముక విరిగింది. బిళ్లలు రెండూ నీళ్లలో పోయాయి. నూకరత్నం పంటు ఆపి గెడ అందించి లాగింది.

"కమలాకరూ, చెక్కల్లేవని కనపళ్లేదంట్రా?"

"ఉన్నాయి పిన్నీ! నేను చూశాను, ఉన్నాయి!" అన్నాడు నోట్లో నీళ్లు ఉమ్ముతూ.

ప్రచార పత్రాలు తేలుతూ పోయాయి. ఇరవై కాపీలు. అన్నిటి మీదా అతని చెంపే.

నమోదు 7. జూన్ 23

వైద్య పడవ నిన్న సాయంత్రం వచ్చి రేవులో ఆగింది. కొత్త బిళ్లలకు కొలత తీయాలంటే వట్టి కన్ను చూడాలి, దానికి అనుమతి అక్కర్లేదు. అలా నాలుగేళ్ల తర్వాత మూడో కట్టలో ఒకరి కన్ను బిళ్ల లేకుండా చూశారు. చూసింది రెహానా. పడవలో కంటి పరికరాలు చూసే ఆవిడ, ముప్పై ఏళ్లుంటాయి.

పీడనం కుడి కంట్లో 36, ఎడమ కంట్లో 33. ఇరవై ఒకటి దాటకూడదు. ఎడమ కంటికి పైమూల చిన్న ముక్క తప్ప చూపు లేదు. కుడి కన్ను వెదురు గొట్టంలోంచి చూస్తున్నట్టు.

"మందు వేసుకుంటున్న కన్ను కాదండీ ఇది," అంది రెహానా.

"ఒక్క పూట మానలేదమ్మా. నాలుగేళ్లు. చార చూడు," అన్నాడు కమలాకర్. కట్టు కట్టిన చేతిని వదిలేసి, రెండో చేత్తో చెంప చూపించాడు.

ఆమె చారను కాసేపు చూసింది. మందు సీసా అతని చేతికిచ్చింది.

"ఎలా వేసుకుంటారో ఒకసారి చూపించండి."

"ఎలా చూపించను? బిళ్లల్లేవు కదా."

"బిళ్లలెందుకు?"

"బిళ్ల లేకుండా వేసుకుంటే మండదా?"

రెహానా కలం కింద పెట్టేసింది.

"కమలాకర్‌గారూ, బిళ్ల మీద వేస్తే మందు కంట్లోకి ఎలా పోతుందండీ? రేకు మీద వాన పడ్డట్టు జారి చెంప మీదికి పోతుంది. మీ కన్ను నాలుగేళ్లుగా మందు తాగలేదు. చెంప తాగింది."

అతను చెంప తడుముకున్నాడు. "మరి చార?" అన్నాడు.

"అదే చార," అంది.

గదికి వచ్చి అవగాహన పుస్తకం తీశాను. పన్నెండో అంశం: కటకమును పక్షమునకు ఒకమారు కంటె ఎక్కువగా తొలగించరాదు. ముప్పై ఒకటో అంశం: బిందు ఔషధమును వినియోగించుటకు పూర్వము కటకమును విధిగా తొలగించవలెను. మందు రోజూ వేసుకోవాలి. పన్నెండు పాటిస్తే ముప్పై ఒకటి కుదరదు. రెండింటినీ అడిగారు. రెండింటికీ నేను సరైన జవాబే నొక్కాను. మార్కులు వేశారు.

ప్రభుత్వ కాగితాల్లో ఒక పేజీకీ ఇంకో పేజీకీ పొసగని చోట్లు పట్టుకోవడమే ముప్పై ఒక్క ఏళ్లు నా ఉద్యోగం.

నమోదు 8. జూన్ 24

నూకరత్నాన్ని పడవలోకి తీసుకెళ్లాను. రావడానికి ఒప్పుకోలేదు మొదట.

"ఇది కూడా రాస్తారా?"

"రాస్తాను."

"అయితే సరిగ్గా రాయండి."

అనుమతి అక్కర్లేకుండా రెహానా 'కొత్త బిళ్లలకు కొలత' అని రాసుకుంది. పీడనం 15, 14. ఏడేళ్ల కిందటి, బిళ్లలు రాకముందు కాగితం తీసి పక్కన పెట్టి చూసింది రెహానా. చూపు అప్పుడెంత ఉందో ఇప్పుడూ దాదాపు అంతే ఉంది. బిళ్ల మీద నమ్మకం లేక తెల్లారగానే తీసేసింది కాబట్టి ఆమె మందు వట్టి కంట్లో పడింది. కంట్లో పడింది కాబట్టి చార పడలేదు. చార లేదని ఆమె మందు ఆపబోతున్నారు.

"మీకూ చూస్తాను, కూర్చోండి సార్," అంది రెహానా నాతో.

రాయాల్సింది చాలా ఉంది, తర్వాత వస్తానన్నాను.

చక్రధర్‌కు అన్ని అంకెలూ పంపించి తెర మీద మాట్లాడాను. పావుగంట విన్నాడు.

"పన్నెండో అంశం కటకాల విభాగం రాసింది. ముప్పై ఒకటి ఔషధ విభాగం. రెండూ సరైనవే," అన్నాడు.

"రెండూ కలిపి ఒక మనిషి పాటించలేడు."

"మా విభాగం పని అవగాహన. పాటింపు వేరే విభాగం."

"ఆ విభాగం ఎక్కడుంది?"

"ఇంకా ఏర్పడలేదు."

"నూకరత్నం సంగతి?"

"ఆవిడ అవగాహన తొమ్మిది కదండీ. కన్ను బాగుండటం యాదృచ్ఛికం కావచ్చు. అవగాహన లేకుండా బాగుంటే దాన్ని మేం ఎలా లెక్కలోకి తీసుకోవాలి?"

ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను. దుర్మార్గులు తక్కువ. పట్టిక నిండితే పని అయిందనుకునేవాళ్లు ఎక్కువ. మొదటిరకంతో పోరాడవచ్చు.

పరీక్ష నిబంధనలు అడిగి తెప్పించుకున్నాను. ఆరో నిబంధన: మూడుమార్లు అనుత్తీర్ణులైన వారికి సహాయ పాఠకుని అనుమతించవలెను, సహాయ పాఠకుడు ప్రశ్నలను అర్థమగునట్లు చదివి వినిపించవలెను. ఈ నిబంధన వచ్చి ఆరేళ్లయింది. ఇంతవరకూ ఎవరూ వాడలేదు.

నమోదు 9. జూన్ 27

నూకరత్నాన్ని పంటు మీద కలిశాను. సహాయ పాఠకుడిగా నేను కూర్చుంటానన్నాను.

"రాసిందీ మీరే, చదివేదీ మీరేనా?" అంది.

"నా వల్ల వచ్చిన నోటీసు కదా."

"వచ్చింది కాబట్టి వద్దనట్లేదు లెండి. కానీ ఆ పాట మాత్రం నాకు నేర్పకండి. ఎ, బి, సి అంటూ నేను పాడలేనండి. రేపు ఎవడన్నా వరస మారిస్తే నా కళ్లేం గాను?"

పాట నేర్పనన్నాను. అడిగేది అర్థమయ్యేలా అడుగుతానన్నాను.

"అంతే గదండి. ఏడుసార్లు అదే అడిగాను."

తల తిప్పి ఎడమ పక్క చూసింది. చిన్న దోనె ఒకటి వస్తోంది. చుక్కాని తిప్పి దారిచ్చింది. ఆ దోనె నాకు కనపడలేదు. ఆమె తప్పుకున్నాక కనపడింది.

నమోదు 10. జూన్ 28

పరీక్ష గదిలో నేను, నూకరత్నం, తెర మీద చక్రధర్. గుమ్మం బయట ముప్పై మంది దాకా జనం.

మొదటి ప్రశ్న చదివాను. అంటే, చదివి, ఆమెకు ఇలా చెప్పాను: "ఈ జబ్బు మెల్లగా కంటి నరాన్ని తినేస్తుందా, లేక రెప్ప మీద కురుపు లాంటిదా, లేక ముసలితనం వల్ల వచ్చే మసకా, లేక దుమ్ము పడితే వచ్చేదా?"

"నరాన్ని తినేస్తదండి. మొదటిది."

"ఔషధ నిలుపుదల కారణంగా సంభవించు పరిణామము. అంటే, మందు మానేస్తే ఏమవుతుంది?"

"ఏమీ అయినట్టుండదండి. అందుకే జనం మానేస్తారు. లోపల మాత్రం అవుద్ది."

తెర మీద ఉన్నవాటిలో అది రెండో జవాబు. నొక్కింది.

"దగ్గరి బంధువులకు ఈ జబ్బు ఉంటే?"

"మా అమ్మకుంది, నాకొచ్చింది. మా చెల్లిని కూడా చూపించుకోమని పోరితే ఈ ఏడు చూపించుకుంది. చూపించుకోవాలనే కదండీ జవాబు?"

బయట నవ్వులు లేవు. కాసేపటికి బయటివాళ్లు ఒకళ్ల భుజం మీదుగా ఒకళ్లు వంగి వినడం మొదలుపెట్టారు. ఇరవయ్యో ప్రశ్న దగ్గర ఎవరో, "అదా దానర్థం!" అన్నారు పైకే. నలభై జవాబులూ పాటగా వచ్చిన మనిషి గొంతు అది.

గంటన్నర పట్టింది. నలభైకి ముప్పై ఏడు.

తప్పినవి మూడు. ఒకటి శాఖ ఫోన్ నంబరు. రెండోది పన్నెండో ప్రశ్న. బిళ్ల రోజూ తీస్తానని చెప్పింది, తప్పు పడింది. మూడోది ఇరవై ఏడు: చెంపపై వర్ణపు మార్పు ఔషధ క్రమశిక్షణకు సూచిక, అవునా కాదా? కాదంది. అదీ తప్పే పడింది.

"ఇది చెల్లదు," అన్నాడు చక్రధర్. "మీరు ప్రశ్నల పాఠం మార్చారు."

"ఆరో నిబంధన చదవండి."

చదివాడు. అర్థమగునట్లు, అన్న మాట దగ్గర ఆగాడు.

"అర్థమగునట్లు అంటే గట్టిగా, స్పష్టంగా అని మా ఉద్దేశం."

"అలా రాయలేదు."

"ఆ మాట ఎవరు రాశారో..." అంటూ కాగితం అడుగున చూశాడు. సంతకం అతనిదే. ఆరేళ్ల కిందటిది.

ఉత్తీర్ణురాలు అని నమోదు చేశాడు. మందు సీసాలు ఆగవు. పంటు ఆగదు. నూకరత్నం లేచి, జాకెట్లోంచి ఆ నోటీసు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మీరే ఉంచుకోండి బాబూ. ఎవరన్నా అర్థమయ్యేలా చదివి పెడతారు."

నమోదు 11. జూన్ 30

ఉదయం పంటులో ఉండగా సైరన్ మోగింది. సీసా తీసి, తల వెనక్కి వాల్చి, కుడి కంట్లో ఒకటి, ఎడమ కంట్లో ఒకటి వేసుకున్నాను. చెంప మీద చల్లగా కారింది.

నూకరత్నం ఇంజను ఆపేసింది. నడి నీళ్లలో.

"ఏవండీ."

"ఏమిటి?"

"బిళ్లలు తీయలేదండి మీరు."

ఎనిమిది రోజుల నుంచి ఈ మాటే కాగితాల మీద రాస్తున్నాను. ఒక అధికారికి చెప్పాను, ముప్పై మంది వినేలా చెప్పాను. ప్రతి ఉదయం బిళ్ల మీదే వేసుకున్నాను. తీస్తే తల తిరుగుతుంది, రాయలేను, ఈ పని ముగిశాక చూద్దాం అనుకున్నాను. నేను కమలాకర్‌ను కాను, నా చుక్క కొంతైనా లోపలికి పోతూ ఉంటుంది అని కూడా అనుకున్నాను. ఇవన్నీ చెప్పాను ఆమెకు.

"నలభైకి నలభై గదండి మీకు," అంది. పంటు వెనక్కి తిప్పి వైద్య పడవ పక్కన ఆపింది. మేకలతో ఎక్కినాయన ఆలస్యమవుతోందని గొణిగాడు. ఆమె అతని వైపు తల తిప్పి చూసింది, మానేశాడు.

కొత్త బిళ్లల కొలత పేరుతోనే నా బిళ్లలు తీశారు. కుడి కన్ను పీడనం 29, ఎడమ 31. ఎడమ కంట్లో పై సగం పోయింది, పక్క భాగం కూడా. కుడి కంట్లో కింద పావు వంతు. కొలత మధ్యలో రెహానా ఎక్కడికో వెళ్లిందనుకుని పేరు పెట్టి పిలిచాను.

"ఇక్కడే ఉన్నాను సార్," అంది. నా ఎడమ మోచేతి పక్కనే ఉంది. అయిదు నిమిషాల నుంచీ అక్కడే ఉందట.

పోయింది రాదు. ఆ సంగతి నాకు తెలుసు. పద్నాలుగో ప్రశ్న, జవాబు డి.

నమోదు 12. జూలై 1

శాఖ నుంచి సవరణ వచ్చింది. పన్నెండు పేజీలు. పన్నెండో అంశం అలాగే ఉంది. ముప్పై ఒకటీ అలాగే ఉంది. నలభై ఒకటో ప్రశ్న కొత్తగా చేర్చారు: పై రెండు అంశముల మధ్య సమన్వయము సాధించవలసినది ఎవరు? జవాబు బి. రోగి.

పొద్దున్నే కొట్టు వెనక పాటలో చేరిపోయింది. "నలభై ఒకటీ బి, ఓలాల." బాగానే అతికింది.

సైరన్ మోగినప్పుడు కట్ట పొడవునా నడుస్తూ లెక్కపెట్టాను. తల తిప్పుకుంటూ లెక్కపెట్టాను కాబట్టి తప్పు లేదు. బిళ్లలు తీసి మందు వేసుకున్నవాళ్లు పందొమ్మిది మంది. వాళ్లలో పద్నాలుగు మంది ఆ రోజు పరీక్ష గది గుమ్మంలో నిలబడి విన్నవాళ్లే. కమలాకర్ ఒకడు. కొత్త బిళ్లలు వచ్చినా పెట్టుకోలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. చార ఇంకా అలాగే ఉంది, పోవడానికి నెలలు పడుతుందట. చెంప మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు.

మిగతా 393 మంది బిళ్ల మీదే వేసుకున్నారు. ఒకామెను కారణం అడిగాను. "అంతా చెప్పారండి, అర్థమైంది. కానీ చార పోతే పంటులో ముందు వరస ఇవ్వరు గదండి," అంది.

శాఖవారికి: మీరు అడిగిన ముప్పై రోజుల దినచర్య ఇదే. ఎలా సాధించారో రాయమన్నారు. రాశాను. మిగతా పదకొండు కట్టలకు పంపేటప్పుడు ఏమీ తీసేయకుండా పంపండి. ఒక ప్రతి రెహానా దగ్గర ఉంది. వైద్య పడవ రేపు నాలుగో కట్టకు వెళుతుంది.

పంటు ఎక్కాను. నూకరత్నం ముందు వరసలో ఉన్న ఇద్దరు చారలవాళ్లను లేపి వెనక్కి పంపి, నన్ను తన పక్కన కూర్చోబెట్టింది. రాత్రి రాయడానికి మళ్లీ పెట్టుకున్న బిళ్లలు తీసి సీసాలో వేశాను. సగం రేవు మాయమైంది. ఎడమ పక్క నీళ్లు లేవు, ఆకాశమూ లేదు, అక్కడ ఏముందో చెప్పేందుకు ఏదీ లేదు. మెడ తిప్పితే ఉన్నాయి.

తల వాల్చి చుక్క వేసుకున్నాను. ముక్కు పక్కన వేళ్లు అదిమిపెట్టాను, ఆమె చూపించినట్టు. నిప్పురవ్వ పడ్డట్టయింది.

"మండిందాండి?"

"మండింది."

"అయితే లోపలికెళ్లిందండి," అంది నూకరత్నం. ఇంజను తిప్పింది.